అక్క ఇచ్చిన 8 లక్షలు, ఏఎస్‌ఎంలో పడిన రెండు షేర్లు

పేరు వేయొద్దన్న షరతు మీద వచ్చిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినాయనకి 38 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నారు. 2020లో కరోనా దెబ్బకి మార్కెట్ పడ్డాక ఒక ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలోని షేర్లనే కొనే ఫండ్‌లో, నెలనెలా కొంత పెట్టే సిప్ మొదలుపెట్టారు. అది బాగానే పెరిగింది. ఆ ధైర్యంతో చిన్న కంపెనీల షేర్లు నేరుగా కొనడం అలవాటైంది. చుట్టాల్లో "షేర్ల సంగతి వాడినే అడగాలి" అన్న పేరు కూడా వచ్చింది. పది నెలల క్రితం వాళ్ల అక్క, బావగారి రిటైర్మెంట్ డబ్బులోంచి రూ.8 లక్షలు తీసి ఈయన చేతిలో పెట్టారు. మేనకోడలి పీజీ ఫీజుకి వచ్చే జూన్‌లో ఆ డబ్బు కావాలి. "బ్యాంకులో పడుంటే ఏమొస్తుంది తమ్ముడూ, అందాకా నువ్వే ఏదో ఒకటి చూడు" అన్నారట.

ఎనిమిదిని పది చేసి ఇద్దామని ఈయన ఆశపడ్డారు. ఆ 8 లక్షలకి బ్రోకర్ దగ్గర ఎంటీఎఫ్ కింద, అంటే షేర్లు తాకట్టు పెట్టుకుని ఇచ్చే అప్పు కింద, మరో రూ.6 లక్షలు కలిపి 14 లక్షలకి ఏడు చిన్న కంపెనీల షేర్లు కొన్నారు. కొన్నాళ్లు లాభంలోనే ఉన్నాయి. తర్వాత రెండు షేర్లు ఏఎస్‌ఎం జాబితాలోకి, అంటే అదనపు నిఘా జాబితాలోకి, వెళ్లాయి. వాటికి అప్పు ఇవ్వడం బ్రోకర్ ఆపేశాడు. మిగతావీ జారాయి. ఇప్పుడు మొత్తం విలువ రూ.11.2 లక్షలు. అప్పు మీద వడ్డీ నెలకు దాదాపు రూ.6 వేలు జీతంలోంచి కడుతున్నారు. నష్టం పూడ్చుకుందామని నిఫ్టీ వీక్లీ ఆప్షన్లలో, అంటే సూచీ ఎటు కదులుతుందోనని వారం గడువుతో కాసే పందెం లాంటి వాటిలో, దిగి సొంత డబ్బు రూ.1.7 లక్షలు పోగొట్టుకున్నారు. ఈ మధ్యే ఒక బ్యాంకు యాప్‌లో రూ.5 లక్షల పర్సనల్ లోన్ "మీకు మంజూరైంది" అని కనబడుతోంది. అది తీసుకుని పడిన ధరలో ఇంకొన్ని షేర్లు కొంటే సగటు తగ్గుతుంది కదా అని ఆలోచన. అక్కకి తెలియదు. భార్యకీ తెలియదు.

చివర్లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ గురించీ, తన షేర్ల గురించీ ఆయన అడిగినవి ఆయన మాటల్లోనే: "మార్కెట్ పెరుగుతుంటే ఈ సెబీకి ఏమిటి నొప్పి? చిన్నవాళ్లనే ఎందుకు తొక్కుతోంది? ఇది నిజంగా బుడగేనా? ఎంతైనా సెబీ ఉంది కదా, మరీ కుప్పకూలనివ్వదు కదా? ఉంచనా, అమ్మనా, సగటు తగ్గించనా?"

మీ ఉత్తరంలో సెబీ మీద కోపమూ, సెబీ మీద ఆశా పక్కపక్కనే ఉన్నాయండీ. నా షేర్ల జోలికి ఎందుకొచ్చిందని తిట్టిన పేజీలోనే, కూలిపోతుంటే ఆపుతుంది కదా అనీ రాశారు. ఈ రెండూ విడదీస్తే తప్ప మిగతాది తేలదు.

ముందు కోపం సంగతి. మీ రెండు షేర్లూ ఏఎస్‌ఎంలోకి వెళ్లాకే గట్టిగా పడ్డాయన్నది నిజమే అయ్యుంటుంది. 2018 నుంచి ఈ అదనపు నిఘా పద్ధతి నడుస్తోంది. తక్కువ కాలంలో ధర విపరీతంగా పెరగడం, కొనుగోళ్లూ అమ్మకాలూ కొద్దిమంది ఖాతాల్లోనే తిరగడం లాంటి కొలతలు దాటితే సెబీ, ఎక్స్ఛేంజీలు కలిసి ఆ షేరును జాబితాలో పెడతాయి. దశను బట్టి మార్జిన్, అంటే కొనేవాడు ముందే చూపించాల్సిన సొంత డబ్బు, 100 శాతానికి పెరుగుతుంది, రోజుకి ధర కదలగలిగే పరిధి తగ్గుతుంది, పై దశకి వెళితే పొద్దున కొని సాయంత్రం అమ్మే వీలే ఉండదు. కంపెనీ తప్పు చేసిందని దీని అర్థం కాదని ఎక్స్ఛేంజీలే స్పష్టంగా చెబుతాయి.

మరి ధర ఎందుకు పడింది? అప్పు మీద కొనేవాళ్లు ఆగిపోయారు కాబట్టి. వాళ్లు ఆగగానే పడిపోయిందంటే, అంతవరకు ఆ ధరను నిలబెట్టింది కంపెనీ లాభాలా, అరువు డబ్బా? మీరు అకౌంట్స్ మనిషి, ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని సెబీ ప్రతి అడుగూ సరైన వేళకే వేస్తుందని నేననను. ఊరంతా కొనేశాక మేల్కొంటుందన్న విమర్శలో నిజం ఉంది. 2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్ల చిల్లర. 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది పెద్ద పతనం ఎలా ఉంటుందో చూడనివాళ్లు. 2024 ఆగస్టులో బైకుల షోరూములు నడిపే ఒక చిన్న కంపెనీ ఎస్ఎంఈ ఇష్యూలో, అంటే చిన్న సంస్థలు జనానికి మొదటిసారి షేర్లు అమ్మే పద్ధతిలో, రూ.12 కోట్లు అడిగితే దాదాపు రూ.4,800 కోట్లకు దరఖాస్తులు పడ్డాయి. ఆ కంపెనీకి ఉన్నవి రెండు షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు. ఇలాంటివి జరుగుతుంటే నియంత్రణ సంస్థ చేతులు కట్టుకుని కూర్చుంటే, రేపు మీరే "అప్పుడేం చేస్తున్నారు" అని అడుగుతారు.

ఇక "చిన్నవాళ్లనే తొక్కుతోంది" అన్న మాట. ఇది మీరున్న షేర్ల సలహాల టెలిగ్రామ్ గ్రూపులో తిరిగే మాటేనని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. 2024 అక్టోబర్‌లో సెబీ ఆప్షన్ల మీద పెట్టిన కట్టడి గురించే కదా ఆ గొడవ. ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువ రూ.15 లక్షలకు పెంచారు. రోజుకొక ఇండెక్స్ ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ల గడువు ముగిసే రోజు, జాతరగా నడిచేది, ఎక్స్ఛేంజీకి వారానికి ఒకటే చేశారు. ఆప్షన్ కొనేవాళ్ల దగ్గర ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, మొత్తం ముందే వసూలు చేయమన్నారు. అంతకు ముందే బడ్జెట్‌లో లావాదేవీల మీద వేసే పన్ను ఎస్‌టీటీ పెంచారు. ఇవన్నీ ఎందుకు చేశారో తెలియాలంటే అదే ఏడాది సెప్టెంబర్‌లో సెబీ బయటపెట్టిన అధ్యయనం చూడాలి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్లు, ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లకు పైమాటే. మనిషికి సగటున రూ.2 లక్షలు. ఖర్చులు పోను లక్షకు మించి లాభం చూసినవాళ్లు 1 శాతం.

ఆ 1 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీకు కావాల్సింది లక్ష కాదు. షేర్లలో పోయిన 2.8 లక్షలు, ఆప్షన్లలో పోయిన 1.7 లక్షలు కలిపి నాలుగున్నర లక్షలు. జూన్‌కి ఉన్న ఈ తొమ్మిది నెలల్లో అది ఆప్షన్ల నుంచి తీయాలంటే ఆ 1 శాతంలోనూ పై మెట్టు మీద ఉండాలి. మీకు అవతలి పక్క కూర్చున్నదెవరో కూడా ఆ అధ్యయనంలోనే ఉంది: 2023-24లో లాభాలు ఎక్కువగా వెళ్లింది బ్రోకింగ్ సంస్థల సొంత ట్రేడింగ్ డెస్కులకీ, విదేశీ సంస్థలకీ. ఆ లాభాల్లో 95 శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన ట్రేడింగ్ నుంచి వచ్చినవే. ఇంకో అంకె నన్ను ఎక్కువ బాధపెట్టింది. వరసగా రెండేళ్లు నష్టపోయిన వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మళ్లీ ఆడుతూనే ఉన్నారు. కట్టడి వచ్చాక కూడా 2024-25లో 91 శాతం మంది నష్టపోయారు, నష్టం రూ.1.05 లక్షల కోట్లు దాటింది. కాబట్టి సెబీ మిమ్మల్ని తొక్కేసిందన్నది అటుంచండి, అసలు ఆపగలిగిందా అన్నదే అనుమానం.

ఇప్పుడు బుడగ ప్రశ్న. బుడగో కాదో పగిలాకే ఖాయంగా తెలుస్తుంది. లాభాలు పెరగకుండా ధర పెరగడం, అప్పు డబ్బు ఎక్కువగా దిగడం, ఎవరిని కదిపినా షేర్ల కబుర్లే చెప్పడం, ఇవి గుర్తులు మాత్రమే. మీరు ఉత్తరంలో ఎత్తిన ఉదాహరణే తీసుకుందాం. 2024 మార్చిలో అప్పటి సెబీ అధ్యక్షురాలు మాధవీ పురీ బుచ్ చిన్న, మధ్యతరహా షేర్లలో అక్కడక్కడా నురగ కనబడుతోందని బహిరంగంగా అన్నారు. కొంతమంది దాన్ని బుడగ అంటారని కూడా అన్నారు. ఆ వారంలోనే, మార్చి 13న, స్మాల్‌క్యాప్ సూచీ ఒక్క రోజులో 5 శాతం దాకా పడింది. అదే నెలలో స్మాల్‌క్యాప్ ఫండ్లన్నీ ఒత్తిడి పరీక్ష ఫలితాలు బయటపెట్టాల్సి వచ్చింది. తమ దగ్గరున్న షేర్లలో సగం అమ్మాలంటే నెలకు పైగా పడుతుందని కొన్ని పెద్ద ఫండ్లు ఒప్పుకున్నాయి.

ఆ రోజు భయపడి అమ్మేసినవాళ్లు తర్వాత ఆరు నెలలు చేతులు పిసుక్కున్నారు. సూచీ కోలుకుని కొత్త ఎత్తులకి వెళ్లింది. "సెబీ ఊరికే భయపెట్టింది" అనుకుని ఆ ఎత్తుల్లో కొన్నవాళ్లు 2025 ఫిబ్రవరి ఆఖరికి 20 శాతానికి పైగా పతనం చూశారు. హెచ్చరిక తప్పా, ఒప్పా? విషయం ఒప్పు. కానీ ఎప్పుడన్నది అందులో లేదు, ఉండదు.

ఇది మన దేశపు జబ్బే కాదు. 2007 మే 30న చైనా ప్రభుత్వం షేర్ల లావాదేవీల మీద స్టాంపు సుంకాన్ని 0.1 నుంచి 0.3 శాతానికి పెంచింది. షాంఘై సూచీ ఆ రోజు 6 శాతానికి పైగా పడింది. కొద్ది రోజులు అల్లాడింది. మళ్లీ లేచి అక్టోబర్‌లో 6,000 దాటింది. ఏడాది తిరిగేసరికి 2,000 కిందికి వచ్చేసింది. అమెరికాలో కేంద్ర బ్యాంకు అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ 1996 డిసెంబర్‌లో మార్కెట్ హద్దు మీరిన ఉత్సాహంలో ఉందేమోనని అనుమానం వెలిబుచ్చారు. అక్కడి టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ ఆ తర్వాత మూడేళ్లకు పైగా పెరుగుతూనే పోయి 2000 మార్చిలో శిఖరం తాకింది. అక్కడి నుంచి 2002 అక్టోబర్‌కి నాలుగింట మూడొంతులకు పైగా కరిగిపోయింది. అందుకని సెబీ ఏదైనా ప్రకటన చేసిన రోజు దాన్ని చూసి అమ్మడమూ తొందరే, దాన్ని వెక్కిరించి కొనడమూ తొందరే.

"మరీ కూలనివ్వదు కదా" అన్నదే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట. మీరు నమ్ముకున్నది దీన్నే.

సూచీ 10 శాతం పడితే మార్కెట్ మొత్తం ఆగే ఏర్పాటు 2001 నుంచి ఉంది. 15 శాతానికి, 20 శాతానికి ఇంకా గట్టిగా ఆగుతుంది. 2020 మార్చి 13న ఉదయమే 10 శాతం పడి 45 నిమిషాలు ఆగింది. తెరిచాక కోలుకుని లాభంతో ముగిసింది. పది రోజులకి మార్చి 23న మళ్లీ అలాగే ఆగింది. ఈసారి తెరిచాక ఇంకా పడి 13 శాతం నష్టంతో ముగిసింది. నియమం ఒకటే, ఆగిన సమయం ఒకటే, ఫలితాలు వేరు. జనానికి కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడమే దాని పని. ధర ఎక్కడ నిలవాలో అది చెప్పదు.

మార్జిన్ నియమాలూ అంతే. మార్జిన్ మీ రక్షణ కోసం కాదు. మీ దగ్గర కొన్నవాడికి షేరు, మీకు అమ్మినవాడికి డబ్బు, మీకు అప్పిచ్చిన బ్రోకర్‌కి అసలూ వడ్డీ అందేలా చూడటం దాని పని. ఒకడు మునిగితే ఆ మునక ఇంకొకడికి, అక్కణ్నుంచి బ్యాంకులకి పాకకూడదు. సెబీకి రాత్రి నిద్ర పట్టనివ్వని విషయం అది. ఆ పని మన దగ్గర బాగానే జరుగుతోంది. 2024 జూన్ 4న ఎన్నికల లెక్కింపు రోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడినా చెల్లింపులు ఎక్కడా ఆగలేదు. కానీ ఆ రోజు ఎంటీఎఫ్‌లో ఉన్నవాళ్లలో మార్జిన్ చాలనివాళ్ల షేర్లను బ్రోకర్లు అమ్మేసుకోవడం కూడా ఆ వ్యవస్థ సరిగ్గా పనిచేయడంలో భాగమే. రేపు మీ షేర్లు అలా అమ్ముడుపోతే సెబీ దృష్టిలో ఏ ప్రమాదమూ జరగనట్టే లెక్క. మార్కెట్ నిలబడి మీరు కూలిపోవడంలో వాళ్ల నియమాలకి ఏ వైరుధ్యమూ లేదు.

ఇక మీ లెక్కకి వద్దాం. 14 లక్షల షేర్లు 20 శాతం పడి 11.2 లక్షలయ్యాయి. బ్రోకర్ అప్పు 6 లక్షలు మాత్రం పైసా తగ్గలేదు. అంటే అక్క డబ్బులో మిగిలింది 5.2 లక్షలు. షేర్లు పడింది 20 శాతం, అక్క డబ్బు పడింది 35 శాతం. ఇదే షేర్లు ఇంకో 20 శాతం పడితే మిగిలేది 3 లక్షల లోపు. అంతవరకు బ్రోకర్ ఆగడు, మధ్యలోనే మార్జిన్ అడుగుతాడు, కట్టకపోతే తనకి వీలైన రోజున తనకి వచ్చిన ధరకి అమ్ముతాడు.

మీరు రాసిన ఇంకో లెక్క కూడా నిజమే: ఇక్కణ్నుంచి 25 శాతం పెరిగితే మళ్లీ 14 లక్షలవుతాయి, అక్క డబ్బు అక్కకి వచ్చేస్తుంది. అలా జరగదని నేను చెప్పలేను. చిన్న షేర్లు తొమ్మిది నెలల్లో 25 శాతం పెరిగిన సందర్భాలు బోలెడు. కానీ 25 శాతం పడిన సందర్భాలూ ఉన్నాయి, పడితే మీకు తొమ్మిది నెలలు ఉండవు. జూన్ గడువు ఫీజుది. మార్జిన్ గడువు ఏ రోజైనా కావచ్చు.

మీ ముందున్న దారులు నాకు ఇలా కనబడుతున్నాయి.

పర్సనల్ లోన్ తీసుకుని సగటు తగ్గించడం ఒకటి. చాలా బ్యాంకుల లోన్ షరతుల్లో ఆ డబ్బును షేర్లలో పెట్టకూడదని ఉంటుంది, అది మొదటి చిక్కు. దానికంటే పెద్దది, అప్పు 6 లక్షల నుంచి 11 లక్షలవుతుంది. బ్రోకర్ వడ్డీకి తోడు వచ్చే నెల నుంచే ఈఎంఐ. అప్పుడు సగటు కొనుగోలు ధర తగ్గుతుంది, కాగితం మీద చూడటానికి బాగుంటుంది. మార్కెట్ లేస్తే బయటపడతారు. లేవకపోతే అక్క ఫీజుతో పాటు మీ జీతం కూడా మూడు నాలుగేళ్లు తాకట్టులోకి పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తేవడం అంటారు దీన్ని. మీరు ఈ దారి ఎంచుకుంటే ఆపగలిగేది నేను కాదు, కానీ ఆ యాప్‌లో ఆఫర్ కనబడకుండా చేసుకోవడం కొంచెం మేలు.

ఏమీ చేయకుండా ఉండటం రెండోది. చాలామంది చేసేది ఇదే, పైకి ఓపికలా కనబడుతుంది. అప్పు లేని షేర్ల విషయంలో అది నిజంగా ఓపికే. మీ విషయంలో నెలకు ఆరు వేల చొప్పున జూన్ దాకా మరో 54 వేలు వడ్డీ, దాని మీద బ్రోకర్ నిర్ణయం మీ నిర్ణయం కంటే ముందుండే ప్రమాదం.

మూడోది, అప్పు మేరకు అమ్మి ఎంటీఎఫ్ మూసేయడం. 6 లక్షల షేర్లు అమ్మితే అప్పు, వడ్డీ, మార్జిన్ టెన్షన్ ఒకేసారి పోతాయి. 5.2 లక్షల షేర్లు మిగులుతాయి. బలవంతపు అమ్మకం ఉండదు. కాకపోతే ఆ మిగిలినవి 8 లక్షలు కావాలంటే 54 శాతం పెరగాలి, జూన్ లోపు. దీనివల్ల నష్టం ఇక్కడితో ముదరకుండా ఆగుతుంది తప్ప ఫీజు సమస్య తీరదు. అమ్మేటప్పుడు సాధారణంగా మనం కొనేవాళ్లున్న మంచి షేర్లు అమ్మేసి, కదలని వాటిని దాచుకుంటాం. మీరు తలకిందులుగా చేయండి. ఏఎస్‌ఎంలో ఉన్నవాటికి కొనుగోలుదారులు కనబడిన రోజు వదలొద్దు. లోయర్ సర్క్యూట్ పడ్డాక, అంటే ఆ రోజుకి పడగలిగినంత కిందికి ధర పడ్డాక, ఆర్డర్ పెట్టుకుని కూర్చోవడమే ఉంటుంది, అమ్ముడుపోదు.

నాలుగోది మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. "సిప్ డబ్బు ఒక 6 లక్షలుంది, అది ఇంటికోసం, దాని జోలికి వెళ్లను" అని రాసి దాటేశారు. మొత్తం ఉత్తరంలో మిమ్మల్ని గట్టెక్కించే వాక్యం అదొక్కటే. షేర్లన్నీ అమ్మి అప్పు తీర్చి, మిగిలిన 5.2 లక్షలకి ఇండెక్స్ ఫండ్‌లోంచి 2.8 లక్షలు కలిపితే 8 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో జూన్ దాకా పెట్టేస్తే మేనకోడలి ఫీజు ఖాయం. మీకు ఫండ్‌లో 3.2 లక్షలు మిగులుతాయి.

"ఈ ధరలో అమ్మితే మళ్లీ లేచినప్పుడు నేను ఏడవాలి" అంటారేమో. అయితే ఇంకోలా చేయండి. అప్పు మేరకు షేర్లు అమ్మండి. ఫండ్‌లో ఉన్న 6 లక్షలు తీసి అక్క పేరు మీద డిపాజిట్ చేయండి. మిగిలిన 2 లక్షలకి ఇంకొన్ని షేర్లు అమ్మండి. ఇప్పుడు మీ దగ్గర 3.2 లక్షల చిన్న షేర్లు మిగులుతాయి. అవి మీ సొంతం. పదేళ్లు ఉంచుకోండి, అడిగేవాళ్లుండరు.

పన్నులు, ఖర్చులు పక్కన పెడితే ఈ రెండిట్లోనూ మీకు మిగిలేది అదే 3.2 లక్షలు. ఒకదాంట్లో అది ఇండెక్స్ ఫండ్ రూపంలో ఉంటుంది, రెండోదాంట్లో ఈ ఏడు షేర్ల రూపంలో. ఈ రోజు ఎవరైనా 3.2 లక్షలు చేతికిస్తే ఈ ఏడింటినే ఇదే ధరకి కొంటారా? కొంటాననుకుంటే, ఒక్కో కంపెనీ గత నాలుగు త్రైమాసికాల లాభం, అప్పులు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన వాటా చూసి అప్పుడు కూడా అదే మాట అనగలిగితే, ఉంచుకోండి. ఏడింటికీ అలా అనగలరని నాకు నమ్మకం లేదు. రెండింటికో మూడింటికో అనొచ్చు.

ఇంటి కల వెనక్కి పోతుందని బాధ ఉంటుంది. పోతుంది, రెండు మూడేళ్లు. కానీ లాభమొస్తే పది ఇస్తానని మనసులో అనుకున్నది మీరు, ఎంటీఎఫ్ మీట నొక్కింది మీరు. అక్క అడిగింది బ్యాంకు వడ్డీకి కాస్త ఎక్కువ, అంతే. ఆవిడ ఒప్పుకోని రిస్కు ఖరీదు ఆవిడ కట్టడం న్యాయం కాదని మీకూ తెలుసు, లేకపోతే ఈ ఉత్తరం రాసేవారు కాదు.

అక్కకి ఎప్పుడు చెప్పాలన్న దాంట్లో రెండు పద్ధతులున్నాయి. డబ్బు సర్దాక చెబితే ఆవిడకి ఆందోళన ఉండదు. కానీ సర్దేలోపు మార్కెట్ ఇంకా పడినా, బావగారికి ఇంకెవరి ద్వారానో తెలిసినా, దాచారన్న మాట పడుతుంది. ఆ మాట డబ్బు తిరిగిచ్చినా పోదు. ముందే చెబితే ఒక పూట గట్టిగా ఏడుస్తారు, బావగారు ఓ మాట అంటారు. పడాలి. వాళ్లకి విద్యారుణం లాంటి ఇంకో దారి వెతుక్కునే సమయమైనా ఉంటుంది. నేనైతే ముందే చెప్పమంటాను, అదీ ఒట్టి చేతులతో కాకుండా: ఇంత పోయింది, ఇలా పూడుస్తున్నాను, ఫలానా తేదీకి డిపాజిట్ రసీదు మీ చేతిలో పెడతాను అని. "సెబీ వల్ల", "ఆపరేటర్ల వల్ల" లాంటి మాటలు అక్కడ ఎత్తకండి. వాళ్లకి అవి అర్థం కావు, మీకు సాకుగా మిగులుతాయి.

మీ ఆవిడకి మాత్రం అక్క కంటే ముందు చెప్పాలి. ఇంటి కోసం దాచిన డబ్బులో ఆవిడ వాటా ఉంది. ఆవిడకి తెలియకుండా అది కదిపితే ఇప్పుడున్న రహస్యానికి ఇంకోటి తోడవుతుంది.

టెలిగ్రామ్ గ్రూపు గురించి ఎక్కువ రాయను. సలహాలిస్తున్న ఆయనకి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. లేకపోతే బయటికి రండి.

చివరిగా, మీ వృత్తికి దగ్గరి విషయం. షేర్లు కొని ఏడాది కాలేదు కాబట్టి అమ్మితే వచ్చేది స్వల్పకాలిక మూలధన నష్టం. ఫండ్ తీసినప్పుడు వచ్చే దీర్ఘకాలిక లాభం మీద దాన్ని సర్దుకోవచ్చు, అందుకే రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలో జరిగితే మేలు. ఆప్షన్ల నష్టం వ్యాపార నష్టం కిందికి వస్తుంది, జీతం మీద సర్దడానికి కుదరదు. వాడుకోగా మిగిలిన నష్టాలను ఎనిమిదేళ్ల వరకు ముందుకి తీసుకెళ్లవచ్చు, కానీ రిటర్న్ గడువులోగా వేస్తేనే. నష్టమే కదా చూపించడమెందుకని ఆప్షన్ల లెక్క వదిలేయకండి. అది బ్రోకర్ ద్వారా ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఎలాగూ ఉంటుంది.